ఆటలు కూడు పెడతాయా?

ఈసారి మన గోడ పత్రికకు "పెద్దయ్యాక నేను చేయదలచిన పని" అనే విషయం ఇచ్చారు. మన పదో తరగతిలో పోలీసు అని తొమ్మిది మంది, టీచరు అని ఆరుగురు, నర్సు అని అయిదుగురు, మిలిటరీ అని నలుగురు రాశారు. ఒకమ్మాయి కాఫీ తోట పెంచుతానని రాసింది. నేను "వీడియో గేములు తయారు చేసే పని" అని రాశాను. క్లాసులో చదివి వినిపిస్తే వెనక బెంచీల వాళ్ళు నవ్వారు. వీడికి ఫోను పిచ్చి పట్టింది అని వాళ్ళ అర్థం. వార్డెన్ గారు మాత్రం నవ్వలేదు. "అసలు ఆ పని ఎవరికి వస్తుంది, ఎలా వస్తుంది, రాసి అతికించు. నేనూ చదువుతాను" అన్నారు. కావున ఇది రాస్తున్నాను. కాగితాలు ఎక్కువే పట్టాయి. ఓపిక చేసుకుని చివరి దాకా చదవాలని మనవి.

ముందుగా ఒక మాట చెప్పాలి. ఆటలు బాగా ఆడినంత మాత్రాన ఆటల కంపెనీలో ఉద్యోగం ఇవ్వరు. పోటీల్లో ఆడి డబ్బు గెలిచేవాళ్ళు కొందరున్నారు, వాళ్ళ సంగతి వేరు. నేను చెప్పేది ఆట తయారు చేసే పని గురించి. భోజనం బాగా చేసినంత మాత్రాన వంటవాడు కాలేడు కదా! కానీ ఏ డిగ్రీ పేరూ చెప్పకుండా, సరదా కొద్దీ సొంతంగా ఆటలు చేసుకుంటూ, దాంతోనే ఆ పనిలోకి వెళ్ళినవాళ్ళు నిజంగా ఉన్నారు. వాళ్ళ గురించి చదివినప్పుడు నాకు అందరిలోనూ ఒకే గుణం కనబడింది. అదేమిటో వాళ్ళ కథలే చెబుతాయి.

మొదటిది మనవాళ్ళందరికీ తెలిసిన ఆటే. పబ్జీ. సెలవులకు ఇంటికి వెళ్తే అన్నల ఫోన్లు లాక్కుని ఆడనివాళ్ళు ఎవరు? కానీ ఆ పేరులో ఉన్న మొదటి రెండు అక్షరాలు ఒక మనిషి మారుపేరని ఎంతమందికి తెలుసు? బ్రెండన్ గ్రీన్ అనే ఐర్లాండు దేశస్థుడు ఇంటర్నెట్లో "ప్లేయర్ అన్నోన్" అని పేరు పెట్టుకున్నాడు. అంటే ఎవరో తెలియని ఆటగాడు అని. ఆయన ఆటల కంపెనీ మనిషి కాదు. ఫొటోలు తీసేవాడు, వెబ్‌సైట్లు చేసేవాడు. కొన్నాళ్ళు బ్రెజిల్లో ఉన్నాడు. అక్కడ ఉండగా వేరేవాళ్ళు చేసిన ఒక యుద్ధం ఆట ఆడేవాడు. ఆ ఆటను మార్చుకోవడానికి దాని కంపెనీ అందరికీ వీలు ఇచ్చింది. అలా మార్చి చేసిన దాన్ని "మాడ్" అంటారు. మన అమ్మలు పాత చీర విప్పి బొంత కుట్టినట్టన్నమాట. బట్ట ఒకరిది, కుట్టు మనది.

2013లో గ్రీన్ తన మాడ్ చేశాడు. అందరూ ఒక చోట దిగాలి, చివరికి ఒక్కరే మిగలాలి అన్నది నియమం. ఆటగాళ్ళు మూల మూలల దాక్కుంటే ఆట సాగదు కాబట్టి స్థలం చిన్నదవుతూ పోవాలనుకున్నాడు. చదరపు గళ్ళుగా మూసేయడం తనకొచ్చిన కోడుతో కుదరలేదట, అందుకని గుండ్రంగా పెట్టాడట. ఈరోజు మనవాళ్ళు "జోన్ వచ్చేస్తంది, పరిగెత్తరా" అని అరిచే ఆ వలయం అలా పుట్టింది. ఆ మాడ్ వేలమంది ఆడారు. దాన్ని చూసి మొదట అమెరికా కంపెనీ ఒకటి సలహాలకు పిలిచింది. తర్వాత 2016లో కొరియా దేశపు బ్లూహోల్ కంపెనీ "మా దగ్గరికి వచ్చి నీ ఆటే చెయ్యి" అని పిలిచింది. 2017లో పబ్జీ వచ్చింది. ఆయన 1976లో పుట్టాడు. అంటే మాడ్ చేసేనాటికి నలభైకి దగ్గర పడ్డాడు. వయసు దాటిపోయిందని మానలేదు, కోడు పూర్తిగా రాదని ఆగలేదు.

రెండో కథ చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే అది చేతిరాత పత్రికతో మొదలైంది. ఇదిగో మనం ఈ గోడకు అతికిస్తున్నాం, అలాంటిదే.

జపాన్ దేశంలో టోక్యో నగరం పక్కన మాచిదా అనే ఊరుంది. అక్కడ సతోషి తజిరి అనే పిల్లవాడు పెరిగాడు. 1965లో పుట్టాడు. అతనికి పురుగులంటే ప్రాణం. చెరువుల దగ్గర, పొలాల్లో, చెట్ల కింద తిరిగి పురుగులు పట్టేవాడు. మనం గంగిరేగు చెట్ల మీద పురుగులు పట్టి అగ్గిపెట్టెల్లో పెట్టుకున్నట్టే. కొన్నేళ్ళకు ఆ పొలాలు, చెరువులు పూడ్చి ఇళ్ళు, దుకాణాలు కట్టేశారు. పురుగులు పోయాయి. పిల్లవాడు నాణెం వేసి ఆడే వీడియో గేముల కొట్లలో తిరగడం మొదలుపెట్టాడు. ఇంట్లో వాళ్ళకు బెంగ. తండ్రి అతన్ని కరెంటు పనిలో పెట్టాలని చూశాడట.

1983లో, 17, 18 ఏళ్ళ వయసులో, తజిరి ఆటల మీద ఒక పత్రిక తెచ్చాడు. పేరు "గేమ్ ఫ్రీక్". చేత్తో రాసి, కాగితాలకు పిన్నులు కొట్టి అమ్మేవాడు. ఏ ఆటలో ఏ చిక్కు ఎలా దాటాలో అందులో రాసేవాడు. ఒక దుకాణంలో ఆ పత్రిక చూసి కెన్ సుగిమొరి అనే మరో కుర్రవాడు "నేను బొమ్మలు వేస్తాను" అని వచ్చి చేరాడు. ఇలా ఇంకొందరు కలిశారు. ఆటల్లో తప్పులు ఎంచీ ఎంచీ, చివరికి "బాగాలేదని రాయడం కాదు, మనమే ఒకటి చేద్దాం" అనుకున్నారు. ఆట యంత్రాన్ని విప్పి లోపల ఎలా ఉందో చూసి నేర్చుకున్నారు. వాళ్ళు చేసిన మొదటి ఆట "క్వింటీ"ని 1989లో నామ్కో అనే పెద్ద కంపెనీ విడుదల చేసింది. ఆ ఏడాదే పత్రిక పేరుతోనే సొంత కంపెనీ పెట్టారు.

తర్వాత చేసిన ఆట మీకందరికీ తెలుసు. పోకెమాన్! టీవీలో పసుపు రంగు పికాచు వస్తుందే, అదే. జపాన్లో 1996 ఫిబ్రవరి 27న మొదటి ఆట వచ్చింది. అందులో 151 జీవులు. వాటిని గడ్డిలో వెతికి పట్టుకోవాలి, తోటివాళ్ళతో మార్చుకోవాలి. చేతిలో పట్టే రెండు ఆట యంత్రాలను తీగతో కలపడం చూసినప్పుడు, ఆ తీగ మీదుగా ఒక పురుగు ఇటు నుంచి అటు పాకుతున్నట్టు తజిరికి తోచిందట. చిన్నప్పుడు పోయిన పొలాలను, పురుగులను ఆటలో మళ్ళీ తెచ్చుకున్నాడు. ఆయన దగ్గరున్న ఆస్తి అదే. పట్నం పిల్లలకు లేని ఆస్తి అది. మన దగ్గర ఆ ఆస్తి ఎంత ఉందో ఒకసారి లెక్క వేసుకోండి.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. గొప్పకు కాదు, ఉదాహరణకు.

మా ఊళ్ళో చావడి ముందు బండ మీద పులి మేక గడి చెక్కి ఉంది. ఎప్పుడు చెక్కారో మా తాతకూ తెలీదు. మూడు పులులు, పదిహేను మేకలు. మేకల్ని ఒక్కొక్కటీ పెట్టాలి, అన్నీ పెట్టేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మేక మీదుగా దూకితే మేక చచ్చినట్టు. పులులు ఎటూ కదలకుండా చేస్తే మేకలు గెలిచినట్టు. మన హాస్టలు వరండా చివర కూడా అదే గీసుకుని ఆడతాం. మేకల వైపు కూర్చోవడానికే అందరూ పోటీ పడతారు, ఎందుకంటే బుర్ర పెట్టి ఆడితే మేకలే గెలుస్తాయి. ఇలాగైతే పులి వైపు కూర్చునేవాడికి మజా ఏముంది అనిపించింది. నేనూ తొమ్మిదో తరగతి తమ్ముడొకడూ కలిసి మేకల్ని పన్నెండు చేసి ఇరవై ఆటలు ఆడించాం. పదిహేడు పులులు గెలిచాయి. అదీ బాగాలేదు. మేకల్ని పదమూడు చేసి, ఒక మూల "దొడ్డి" పెట్టాం. దొడ్డిలోకి పులి రాకూడదు. అప్పుడు మేకలు దొడ్డిలోంచి బయటికే రావు, ఆట తెల్లారదు. మూడు ఎత్తులయ్యాక దొడ్డిలో మేక బయటికి రావాల్సిందే అని ఇంకో నియమం పెట్టాం. మళ్ళీ ఇరవై ఆటలు. పులులు పదకొండు, మేకలు తొమ్మిది. గోడ మీద బొగ్గు గీతలు ఇంకా ఉన్నాయి, చూసుకోవచ్చు.

ఇదంతా పిల్లకాయల చేష్టలనుకున్నాం. తర్వాత చదివితే తెలిసింది, పెద్ద కంపెనీల్లో దీన్నే "బ్యాలెన్సింగ్" అంటారు, ఇదే పని చేయడానికి జీతాలిస్తారు. ఆడించి, లెక్క రాసి, నియమం మార్చి, మళ్ళీ ఆడించడం. దానికి కంప్యూటరు కూడా అక్కర్లేదు.

కంప్యూటరు పీరియడ్లో స్క్రాచ్ అనే దాంట్లో మా దొడ్డి ఆటను చేశాను. అమెరికాలో ఎంఐటీ అనే విద్యాసంస్థ వాళ్ళు 2007లో పిల్లల కోసం దాన్ని విడుదల చేశారు. డబ్బు కట్టనక్కర్లేదు, ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. వారానికి రెండు పీరియడ్లు, ఒక కంప్యూటరుకు ముగ్గురం. ఒక టర్మంతా పట్టింది. పూర్తయ్యాక ఆరో తరగతి గుంటడొకడికి ఇచ్చి ఆడమన్నాను. వాడు రెండు నిమిషాల్లో ఒకే పులిని గబగబా రెండుసార్లు నొక్కి రెండు మేకల్ని తినిపించేశాడు. "అన్నా, నీ పులికి ఆకలెక్కువ" అన్నాడు. అలా పట్టుకోవడం అందరికీ చేతకాదు. ఆటల కంపెనీల్లో "టెస్టర్లు" అని ప్రత్యేకంగా ఉంటారు. విడుదలకు ముందు ఇలాంటివి వెతికి పట్టడమే వాళ్ళ ఉద్యోగం. ఆ గుంటడికి నేను టెస్టర్ అని పేరు పెట్టాను. ఇప్పుడు మెస్సులో కూడా అందరూ అలాగే పిలుస్తున్నారు.

మిత్రులారా! ఆట తయారు చేయడమంటే కోడు ఒక్కటే కాదు. బొమ్మలు గీసేవారు కావాలి. మన బడిలో గోడలకు నెమళ్ళు వేసే అక్క ఉంది. శబ్దం చేసేవారు కావాలి. థింసాకు డప్పు కొట్టే అన్నలున్నారు. కథ చెప్పేవారు కావాలి. కరెంటు పోయిన రాత్రి దెయ్యం కథలు చెప్పి ఎవర్నీ బాత్‌రూంకు వెళ్ళనీయకుండా చేసేవాడు మన డార్మెటరీలోనే ఉన్నాడు! ఈ పనుల సాధనాలు కూడా ఉచితమే. గోడో అనే దాంతో ఆటలు చేయవచ్చు, బ్లెండర్ అనే దాంతో బొమ్మలకు ప్రాణం పోయవచ్చు. పెద్ద కంపెనీలు అమెరికాలోనే ఉంటాయనుకోవద్దు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వాళ్ళ కార్యాలయం హైదరాబాదులో ఉంది. పుణెలో ఒక చిన్న బృందం మన దేశపు పురాణాల తీరులో "రాజీ" అనే అమ్మాయి కథను ఆటగా చేసి 2020లో విడుదల చేసింది.

ఇక చేదు సంగతులు. ఇవి రాయకపోతే మా నాన్న ఈ కాగితం చదివి "అన్నీ తీపి మాటలే" అంటాడు.

ఇది ఖాయమైన ఉద్యోగం కాదు. 2023, 2024 సంవత్సరాల్లో ప్రపంచమంతటా ఆటల కంపెనీలు వేలమందిని పనిలోంచి తీసేశాయి. బాగా అనుభవం ఉన్నవాళ్ళకే దిక్కు లేకపోయింది. తజిరికి కూడా పోకెమాన్ పూర్తి కావడానికి ఆరేళ్ళు పట్టింది. మధ్యలో డబ్బు చాలక కొందరు వెళ్ళిపోయారు. ఆయన తాను జీతం తీసుకోకుండా, తండ్రి సంపాదన మీద నెట్టుకొచ్చాడట. మాకలాంటి తండ్రులు లేరు. మా నాన్నకు రెండెకరాల మెట్ట, కొంచెం మిరియాలు. సంతలో పసుపు అమ్మిన డబ్బుతోనే నా పెట్టె, దుప్పటి కొన్నాడు.

ఆ విషయంలో నాకు దారి చూపినవాడు ఎరిక్ బరోన్. అమెరికావాడు. 2011లో కంప్యూటర్ డిగ్రీ పూర్తయింది, ఉద్యోగం రాలేదు. చేయి తిరగాలి, నలుగురికీ చూపించుకోవాలి అని సొంతంగా ఒక ఆట మొదలుపెట్టాడు. ఏమాట తెలుసా? తాత వదిలిన పాడుబడ్డ పొలాన్ని బాగుచేసి, విత్తనం వేసి, నీళ్ళు పోసి, కోతలు కోసి, ఊరివాళ్ళతో స్నేహం చేసే ఆట! కోడు, బొమ్మలు, సంగీతం అన్నీ ఒక్కడే చేశాడు. నాలుగున్నరేళ్ళు పట్టింది. ఆ రోజుల్లో సియాటిల్ నగరంలో ఒక నాటకశాలలో, వచ్చినవాళ్ళకు సీట్లు చూపించే పని సాయంత్రాలు చేసేవాడు. 2016 ఫిబ్రవరి 26న "స్టార్‌డ్యూ వ్యాలీ" విడుదలైంది. 2024 ఆఖరుకు 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. అంత అమ్ముడవడం ఎవరికో ఒకరికి జరుగుతుంది. దాన్ని నేను నేర్చుకోవలసిన సంగతిగా పెట్టుకోలేదు. సీట్లు చూపించే పని సంగతి పెట్టుకున్నాను. కూటికి ఒక పని, మనసుకు ఒక పని. రెండోది పెరిగి పెద్దదై కూడు పెట్టేదాకా మొదటిదాన్ని వదలకూడదు.

ఇది నాకు ఉత్త మాట కాదు. ఈ వేసవిలోనే తేలాలి. మా నాన్న ఐటీఐలో ఎలక్ట్రీషియన్‌కు వేస్తానంటున్నాడు. "కరెంటు పని సేతిలో ఉంటే ఏ ఊరెల్లినా బువ్వ పెడతారు. ఆటలాడితే ఎవడు పెడతాడ్రా?" అని దసరా సెలవుల్లో అడిగాడు. నాకేమో పాలిటెక్నిక్‌లో కంప్యూటరు బ్రాంచి మీద ఉంది. రాత్రి పడుకుని చాలాసార్లు ఆలోచించాను. నాన్న మాటలో తప్పులేదు. ఆయన కూడు పెట్టే పని చూస్తున్నాడు. జపాన్ తండ్రి కూడా కరెంటు పనే అన్నాడంటే తండ్రులందరిదీ ఒకటే భయమన్నమాట. నా నిర్ణయం ఇది. పాలిసెట్ రాస్తాను. కంప్యూటరు సీటు వస్తే నాన్న కాళ్ళు పట్టుకునైనా వెళ్తాను. రాకపోతే ఎలక్ట్రీషియన్‌లో చేరి, ఏ మాత్రం చిన్నబుచ్చుకోకుండా ఆ పని నేర్చుకుంటాను. రెండింటిలో ఏదైనా సరే, సాయంత్రం గంటసేపు ఆట తయారు చేయడం మాత్రం మానను. ఆ గంట కోసం నాన్నను డబ్బు అడగను. ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ మాట ఆయనకు చెప్పేశాను. ఆయన ఏమీ అనలేదు. చుట్ట ఆర్పేసి, "ఆ దొడ్డి ఆట ఎలాగో సూపించు" అన్నాడు. బండ దగ్గర కూర్చుని మూడు ఆటలు ఆడాం. మూడింటికి మూడూ పులులతో ఆయనే గెలిచాడు.

పైన చెప్పిన ముగ్గురిలో ఒకే గుణం కనబడిందన్నాను కదా. వాళ్ళెవరూ "నాకు ఆటలంటే ఇష్టం, పని ఇవ్వండి" అని అడగలేదు. చిన్నదో పెద్దదో ఒకటి పూర్తిగా చేసి, నలుగురి చేతిలో పెట్టారు. సగం చేసిన పది ఆటల కన్నా పూర్తయిన ఒక్క ఆట మేలు. పూర్తయిన ఆటే వాళ్ళకు సర్టిఫికెట్ అయింది. గ్రీన్‌కు మాడ్, తజిరికి పత్రికా, క్వింటీ, బరోన్‌కు పొలం ఆట. మాకు అలాంటి సర్టిఫికెట్ ఈ హాస్టల్లో కూడా తయారవుతుంది.

కనుక వార్డెన్ గారికి, ప్రిన్సిపాల్ గారికి ఒక విన్నపం. ఆదివారాలు కంప్యూటరు గది తాళం వేసి ఉంటున్నది. పది నుంచి పన్నెండు వరకు, ఒక మాస్టారు చూస్తుండగా, ఆరుగురికి తెరిపించగలరు. అక్కడ ఆటలు ఆడడం ఉండదు, చేయడమే. ఎవరు ఏం చేశారో నోటుబుక్కులో రాసి సంతకం పెడతాం. ఎవరైనా ఊరికే ఆడుతూ పట్టుబడితే వారి పేరు కొట్టేసి ఇంకొకరికి అవకాశం ఇవ్వండి. పదో తరగతి మేము మార్చి తర్వాత వెళ్ళిపోతాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళకైనా ఆ రెండు గంటలు మిగలాలని నా కోరిక. ఇప్పటికే నలుగురు పేర్లిచ్చారు. అందులో నెమళ్ళ అక్క ఒకరు, టెస్టర్ ఒకడు.

చదివినవాళ్ళు ఈ కాగితం అంచుల్లో పెన్సిలుతో మీ అభిప్రాయం రాయండి. పిచ్చి రాతలు రాయవద్దు, చింపవద్దు. వరండా చివర దొడ్డి గడి మళ్ళీ కొత్తగా గీశాను. ఆడినవాళ్ళు ఎవరు గెలిచారో పక్కన గోడ మీద బొగ్గుతో ఒక గీత పెట్టండి. పులులైతే ఎడమ వైపు, మేకలైతే కుడి వైపు. ఇంకో ఇరవై ఆటల లెక్క నాకు కావాలి.

ఇట్లు
పదవ తరగతి విద్యార్థి